జిల్లా టీమ్‌లో సగం మంది ఒకే క్లబ్బు కుర్రాళ్ళయితే తప్పేంటి? రహీం సాబ్ లెక్కలోంచి చూద్దాం

మెరకచేను, అమలాపురం:

జిల్లా ఫుట్‌బాల్ సెలక్షన్లు అవగానే గోదావరి జిల్లాల్లో ఏటా మొదలయ్యే గోలే ఇది. పద్దెనిమిది మందిలో ఎనిమిది మంది ఒకే ఊరి క్లబ్బు వాళ్ళయితే "మీవాళ్ళనే వేసుకున్నారు" అంటారు. ఊరికి ఇద్దరు చొప్పున పంచేస్తే తిట్లు తప్పుతాయి గానీ, మొదటి మ్యాచ్‌లో స్టాపర్ (వెనక మధ్యలో కాసే డిఫెండర్) వెనక్కి పాస్ వేసే ముందు గోలీ బయటికొస్తాడో రాడో ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఆ అర సెకనులోనే గోల్ పడిపోతుంది.

ఈ వాదనలో రెండు పక్షాలూ పట్టుకొచ్చే పేరు ఒకప్పటి ఇండియా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీందే. ఒకరేమో "హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌నే ఇండియా టీమ్‌గా దింపాడు, ఆసియా గెలిచాడు" అంటారు. ఇంకొకరు "కాదు, దేశమంతా గాలించి ఏరాడు" అంటారు. రెండూ నిజం కాలేవు గదా. తెలిసినవాళ్ళు ఏళ్ళతో, పేర్లతో చెప్పండి. ఆయన మీద వచ్చిన సినిమా సీన్లు సాక్ష్యంగా పెట్టొద్దు.

పాతస్కోర్‌బుక్, రాజమండ్రి:

మొదటిదే నిజానికి దగ్గర. రహీం వృత్తి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. సిటీ పోలీస్ జట్టు, దేశం జట్టు రెండూ 1950లోనే ఆయన చేతికొచ్చాయి. అక్కణ్ణించి పోలీస్ టీమ్ బొంబాయి రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఎత్తుకొచ్చింది. డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో, 1957లో, మళ్ళీ ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్ 1956-57, 1957-58 రెండేళ్ళూ వదల్లేదు.

ఇదెలా కుదిరిందంటే, పోలీస్ ఉద్యోగం కాబట్టి. జీతం ఒకచోటే, డ్యూటీ ఒకచోటే, గ్రౌండ్ ఒకచోటే. కలకత్తా క్లబ్బుల్లో ఏటా సీజన్ ముందు ఆటగాళ్ళు అటూ ఇటూ మారిపోయేవాళ్ళు. ఇక్కడ అదే రైట్ బ్యాక్, అదే హాఫ్ (మధ్య వరస ఆటగాడు), అదే రైట్ అవుట్ (కుడి రెక్క మీద ఆడేవాడు) ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఆడేవారు. దేశం జట్టుకి నెల క్యాంపు పెట్టి నేర్పలేని సంగతి అక్కడ అప్పటికే కుదిరి ఉండేది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0 స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం... రెండు జట్లలోనూ హైదరాబాదు వాళ్ళున్నారు. మెల్‌బోర్న్‌కి అజీజ్, లతీఫ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం వెళ్ళారు. దాన్ని పక్షపాతం అనాలంటే ఆస్ట్రేలియా మీద 4-2 గెలుపు కూడా పక్షపాతమే.

ఎడమకాలు, భీమవరం:

స్కోర్‌బుక్ గారూ, కప్పుల దాకా ఒప్పుకుంటాం. కానీ ఆ 4-2లో హ్యాట్రిక్ కొట్టింది నెవిల్ డిసౌజా, బొంబాయి మనిషి. కెప్టెన్ సమర్ బెనర్జీ కలకత్తా.

అసలు సంగతి 1962. సెప్టెంబర్ 4, జకార్తా సెనయాన్ స్టేడియం, దక్షిణ కొరియా మీద ఆసియా క్రీడల ఫైనల్. దిగిన పదకొండు మంది: తంగరాజ్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్, ఫ్రాంకో, ప్రశాంత సిన్హా, పి.కె. బెనర్జీ, యూసఫ్ ఖాన్, జర్నైల్ సింగ్, చునీ గోస్వామి, బలరాం. వీళ్ళలో పోలీస్ జట్టు మనిషి యూసఫ్ ఖాన్ ఒక్కడే. చునీ, జర్నైల్ మోహన్ బగాన్. బలరాం, ఘోష్ ఈస్ట్ బెంగాల్. పి.కె. ఈస్టర్న్ రైల్వే. తంగరాజ్ మహమ్మడన్ స్పోర్టింగ్. మరి ఆయన అతిపెద్ద గెలుపులో మీ "ఒకే క్లబ్బు" ఎక్కడుందండీ?

పాతస్కోర్‌బుక్, రాజమండ్రి:

క్లబ్బు పేరు చూస్తే లేదు. పని చూస్తే ఉంది. మీరు రాసిన పదకొండు మందిలో తొమ్మిది మంది 1960 రోమ్ ఒలింపిక్స్ బృందంలోనూ ఉన్నారు. త్రిలోక్, సిన్హా ఇద్దరే కొత్త. రోమ్‌లో హంగరీ చేతిలో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూ చేతిలో 1-3. పాయింట్ల పట్టికలో అట్టడుగు. అయినా అందర్నీ తీసిపారేసి కొత్తవాళ్ళ కోసం వెతకలేదాయన. పి.కె., బలరాం, తంగరాజ్ అయితే మెల్‌బోర్న్ నాటి నుంచీ ఆయన చేతిలోనే ఉన్నారు. అంటే ఆరేళ్ళు. దేశం జట్టునే ఒక క్లబ్బులా నడిపాడన్నమాట.

ఎడమకాలు, భీమవరం:

అలాగైతే అది "కొనసాగింపు", "ఒకే క్లబ్బు" కాదు. మెరకచేను గారి ప్రశ్నకి ఆ రెండూ వేరు. ఊరికిద్దర్ని తీసుకుని వాళ్ళనే మూడేళ్ళు ఉంచితే కొనసాగింపు వస్తుంది, పక్షపాతం గోలా ఉండదు.

మెరకచేను, అమలాపురం:

మూడేళ్ళు ఎక్కడండీ బాబూ, అండర్-17 కుర్రాడు వచ్చే ఏడాదికి వయసు దాటిపోతాడు. క్యాంపు పది రోజులు పెడితే గొప్ప. రహీంకి ఆరేళ్ళు దొరికాయి, మనకి పది పొద్దులు. ఆ పదిలో ఏది కుదురుతుందో అది మాట్లాడుకోవాలి.

యానాం_రైట్అవుట్:

పది రోజుల్లో కుదిరేదేంటో జకార్తాలోనే కనిపిస్తుంది. అక్కడ రహీం చేసిన మార్పు పది రోజుల్లోపే చేసింది.

ఆగస్టు చివర్లో గ్రూపు మ్యాచ్‌లో కొరియా మనల్ని 2-0 కొట్టింది. తర్వాత థాయిలాండ్ మీద 4-1 గెలిచాం గానీ స్టాపర్ జర్నైల్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0 అతను లేకుండానే. సెమీస్‌కి జర్నైల్‌ని మళ్ళీ దింపాడు, కానీ సెంటర్ ఫార్వర్డ్‌గా. దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్లోనూ అక్కడే. మన గోల్స్ పి.కె. 17వ నిమిషం, జర్నైల్ 20వ నిమిషం.

ఇందులో గమనించాల్సింది, మార్చింది ఒక్క చోటే. ఘోష్ మధ్యలో స్థిరపడ్డాడు. రెక్కల మీద పి.కె., బలరాం, లోపల చునీ, అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే. అప్పటి పద్ధతిలో ఎదుటి సెంటర్ హాఫ్ (అంటే స్టాపరే) మన సెంటర్ ఫార్వర్డ్‌ని అంటిపెట్టుకుని తిరగాలి. అక్కడ చురుకైన చిన్న మనిషి ఉంటే భుజంతో నెట్టేస్తాడు. జర్నైల్ లాంటి కొండని పెడితే నెట్టడానికి ఇంకో డిఫెండర్ కూడా రావాలి. ఇద్దరు అతని దగ్గరికి చేరితే చునీకి పది గజాలు ఖాళీ. గోల్ కొట్టకపోయినా అతను అక్కడ నిలబడ్డమే పని.

జిల్లా కోచ్‌కి ఇందులో నేర్చుకునేది ఉంది. ఒక మనిషిని మారిస్తే మిగతా పదిమంది పని మారకూడదు. మనవాళ్ళు ఏం చేస్తారు? లెఫ్ట్ బ్యాక్‌కి దెబ్బ తగిలితే లెఫ్ట్ హాఫ్‌ని వెనక్కి, రైట్ హాఫ్‌ని ఎడమకి, రైట్ అవుట్‌ని మధ్యకి... నాలుగు చోట్లు కదిపేస్తారు. బెంచీ మీద ఉన్న రెండో లెఫ్ట్ బ్యాక్ చూస్తూ కూర్చుంటాడు.

లాకుసెంటర్, ధవళేశ్వరం:

జర్నైల్ సంగతి మరీ ఎత్తుగడగా చెప్పకండి. అది అవసరం కొద్దీ వచ్చింది. తలకి కుట్లున్నవాణ్ణి వెనక పెడితే, ఎగిరి తలతో కొట్టాల్సిన ఒక్క బంతికి జంకాడంటే గోల్ మనకే పడుతుంది. ముందు పెడితే జంకినా బంతి పోతుందంతే. నేటిలా ఆట మధ్యలో మనిషిని మార్చే వెసులుబాటు లేని రోజులు. ఉన్న మనుషుల్లో నష్టం తక్కువయ్యే చోట పెట్టాడు.

నా దృష్టిలో ఇదే అసలు కోచింగ్. కాలేజీ రోజుల్లో జర్నైల్ ముందు వరసలో ఆడేవాడని తెలిసుండడం వల్లే అలా పెట్టగలిగాడు. మన సెలక్షన్ ఫారంలో "ఆడే స్థానం" అని ఒకే గడి ఉంటుంది. రెండోది కూడా ఉండాలి, దాన్ని ట్రయల్స్‌లో పది నిమిషాలైనా ఆడించి చూడాలి.

ఇంకొకటి. ఆ ఫైనల్ ఎలాంటి జనం మధ్య ఆడారో మర్చిపోవద్దు. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదని మన అధికారి జి.డి. సోంధీ ఆసియా క్రీడల పేరే తీసెయ్యాలన్నాడు. ఇండోనేషియా భగ్గుమంది. లక్ష మంది స్టేడియంలో మన జాతీయగీతానికే ఈలలు, అరుపులు. మనవైపు కేకలేసింది ఎవరో తెలుసా, హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన పాకిస్తాన్ హాకీ జట్టు.

ఎడమకాలు, భీమవరం:

పాకిస్తాన్‌తో ఫుట్‌బాల్ పోటీ కూడా అప్పట్లో చిన్నదేం కాదండి. కొలంబో కప్పు అనే నాలుగు దేశాల టోర్నీ, ఇండియా, పాకిస్తాన్, బర్మా, సిలోన్. 1952 కొలంబోలో రెండు జట్లూ 0-0 ఆడి కప్పు పంచుకున్నాయి. 1953 రంగూన్, 1954 కలకత్తా, 1955 ఢాకా మూడూ మనవే. ఢాకా అంటే వాళ్ళ గడ్డ మీదే.

పాతస్కోర్‌బుక్, రాజమండ్రి:

ఆ పోటీలన్నిట్లోకీ రహీంని మార్చింది మాత్రం యుగోస్లావియా. 1952 హెల్సింకిలో 10-1. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది. చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. చలి, తడి గడ్డి, ఎదురుగా బూట్లు. ఉత్త పాదంతో పొడి నేల మీద బంతిని ఆపినంత సుకుమారంగా బూటుతో ఆపలేరు, నిజమే. కానీ తడి గడ్డిలో తిరిగేటప్పుడు మడమ జారుతుంది, ఎదుటివాడి బూటు పడుతుందేమోనని కాలు అడ్డం పెట్టడానికి వెనకాడతారు. ఆ తర్వాతే ఇక్కడ బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్ సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి 1-4. ఓటమే, కానీ తొమ్మిది గోల్స్ తేడా మూడుకి వచ్చింది.

లాకుసెంటర్, ధవళేశ్వరం:

మధ్యలో 1954 మనీలా దాటేశారు. ఆసియా క్రీడల్లో గ్రూపు దశలోనే ఇంటికి. హైదరాబాద్ వాళ్ళు రోవర్స్‌లో తిరుగులేని రోజులే అవి. క్లబ్బు పునాది ఉంటే చాలనేవాళ్ళు దానికి సమాధానం చెప్పాలి.

మీ ఫెర్గీ ఫ్యాన్, తణుకు:

దానికి సమాధానం స్కాట్లాండ్ దగ్గర ఉంది. 1985లో స్కాట్లాండ్ మేనేజర్ జాక్ స్టీన్ పోయాక అబర్డీన్ క్లబ్బు మేనేజర్‌గా ఉన్న అలెక్స్ ఫెర్గూసనే దేశం జట్టునీ చూసుకున్నాడు. 1986 ప్రపంచకప్పులో డెన్మార్క్ మీద గోలీ లైటన్, మధ్యలో మిల్లర్, మెక్లీష్, ముగ్గురూ ఆయన అబర్డీన్ వాళ్ళే. 1983లో రియల్ మాడ్రిడ్‌ని ఓడించి కప్ విన్నర్స్ కప్ తెచ్చిన వెన్నెముక. ఫలితం? డెన్మార్క్ 0-1, పశ్చిమ జర్మనీ 1-2, ఉరుగ్వే 0-0. ఒక్క పాయింటుతో ఇంటికి. మూడు మ్యాచ్‌లకి మూడే గోల్స్ ఇచ్చారు, అంటే వెనక క్లబ్బు మనుషులు వాళ్ళ పని చేశారు. ముందు కుదరలేదు, కొట్టింది ఒకటే.

అదే ప్రపంచకప్పులో సోవియట్ జట్టు చూడండి. టోర్నీ ముంగిట్లో లోబనోవ్‌స్కీకి పగ్గాలిస్తే సగానికి పైగా తన డైనమో కీవ్ వాళ్ళనే తెచ్చుకున్నాడు. హంగరీని 6-0. తర్వాత బెల్జియం చేతిలో అదనపు సమయంలో 3-4. కీవ్ వాళ్ళు వెనకా ముందూ రెండుచోట్లా ఉన్నారు గనక గోల్స్ వచ్చాయి. వెనక తప్పులు జరిగినప్పుడు మాత్రం పరిచయం కాపాడలేదు.

మెరకచేను, అమలాపురం:

ఇప్పుడు దారిలోకి వచ్చాం. అంటే "ఒకే క్లబ్బా, అన్ని ఊళ్ళా" అని కాదు, ఏ వరుసకి పరిచయం కావాలి, ఏ వరుసకి అక్కర్లేదు అని అడగాలి.

స్టాపర్_నం5, కాకినాడ:

ఇంతసేపూ దానికోసమే చూస్తున్నా. నా వాదన సూటిగా చెప్తా. గోలీ, ఇద్దరు స్టాపర్లు, వాళ్ళ ముందు హాఫ్, ఈ నలుగురూ ఒకే క్లబ్బు నుంచి రావాలి. వీలైతే సైడు బ్యాకుల్లో ఒకడు కూడా. రెక్కల వాళ్ళూ సెంటర్ ఫార్వర్డూ ఏ ఊరివాళ్ళయినా ఫర్వాలేదు. సెలక్షన్ ఊళ్ళ లెక్కన కాకుండా ఇలా ముక్కల లెక్కన చెయ్యాలి.

కారణం చెప్తా. వెనక వరస ఆట అంతా మాట మీద నడుస్తుంది. ఆఫ్‌సైడ్ ట్రాప్‌కి (ఎదుటి ఫార్వర్డ్‌ని ఆఫ్‌సైడ్‌లో వదిలేసే ఎత్తు) డిఫెండర్లంతా ఒకేసారి ముందుకి అడుగెయ్యాలి, ఒక్కడు రెండడుగులు వెనకబడ్డా ట్రాప్ చిరిగిపోతుంది. కార్నర్ వస్తే దగ్గరి పోస్టు ఎవరిది, గోలీ బయటికొచ్చి పిడికిలితో కొట్టేటప్పుడు లైను మీద ఎవరు నిలబడాలి, ఇవి పది రోజుల్లో నేర్పొచ్చు గానీ ఒత్తిడిలో గుర్తుండవు. రెక్క మీద పరిగెత్తేవాడికి ఇంత అక్కర్లేదు. బంతి తీసుకుని లైను దాకా వెళ్ళి దాటించడమే, అది ఎవరి టీమ్‌లోనైనా ఒకటే.

దీనికి ట్రయల్స్ మారాలి. ఇప్పుడేం జరుగుతోందంటే, నలభై నాలుగు మందిని నాలుగు జట్లు చేసి, ఒక్కొక్క జట్టులో పది ఊళ్ళ వాళ్ళని కలిపేసి ఇరవై నిమిషాలు వదులుతారు. ప్రతివాడూ తనని చూడాలని డ్రిబుల్ చేస్తాడు. సెలక్టర్లకి గోల్ కొట్టినవాడే కనిపిస్తాడు, స్టాపర్ గొప్పతనం అసలు కనిపించదు. బదులుగా మొదటి పూటే ప్రతి క్లబ్బునీ "మీ వెనక నలుగుర్ని తీసుకురండి" అనాలి. ఆ నలుగురికి ఎదురుగా ఆరుగురు అటాకర్లని పెట్టి సగం గ్రౌండులో పదిహేను నిమిషాలు. ప్రతి మూడు నిమిషాలకి అటాకర్లని మార్చండి, నలుగుర్ని మార్చొద్దు. ఇచ్చిన గోల్స్ లెక్కపెట్టకండి, ఆరుగురు వస్తే గోల్స్ పడతాయి. ఎన్నిసార్లు గోలీ పిలిచాడు, ఎన్నిసార్లు ఇద్దరు ఒకే బంతికి వెళ్ళారు, ఇవి రాసుకోండి. రెండో పూట ఎంపికైన ముక్కని మధ్యలో పెట్టి చుట్టూ మిగతావాళ్ళని తిప్పండి.

ఇందులో చెడేది ఎక్కడంటే, క్లబ్బు గోలీ బలహీనుడైనప్పుడు. స్టాపర్లు బాగున్నారని అతన్నీ కలిపి తీసుకోవద్దు. వేరే గోలీని తెచ్చుకుంటే క్యాంపులో రోజూ గంట ఆ ముగ్గురికే కేటాయించాలి. రెండో ప్రమాదం, ఆ ముక్కలో కెప్టెన్ కూడా ఉంటే మిగతా ఊళ్ళ కుర్రాళ్ళు వేరుగా కూర్చోవడం మొదలెడతారు. కెప్టెన్ని ముందు వరస నుంచి పెట్టండి.

ఎడమకాలు, భీమవరం:

బావుందండి. కానీ ఏ ఊళ్ళో కోచ్ బావుంటే ఆ ఊరికే నాలుగు చోట్లూ పోతాయి ఏటా. పాలకొల్లు, నరసాపురం వైపు మంచి స్టాపర్ ఒంటరిగా ఉంటే వాడి గతేంటి?

స్టాపర్_నం5, కాకినాడ:

వాణ్ణి ఐదో డిఫెండర్‌గా తీసుకోవాలి, ముక్కతో కలిపి ఆడించాలి. ఒంటరిగా గొప్పవాడైన స్టాపర్ని తెలియని గోలీ ముందు పెడితే వాడికే చెడ్డపేరు వస్తుంది.

పాతస్కోర్‌బుక్, రాజమండ్రి:

ఒకటి చేరుస్తా. రహీం పిల్లల కోసం పెట్టిన టోర్నీల్లోనే ఈ జబ్బుకి మందుంది. డ్రిబుల్ లేని టోర్నీ, బలహీనమైన కాలితోనే ఆడే టోర్నీ. ఊళ్ళో కుర్రాళ్ళంతా ఒకే అలవాటు మీద పెరిగితే ఏ ఊరి వాడు ఎవరి పక్కన పడినా ఆట అర్థమవుతుంది. బలరాం ఈస్ట్ బెంగాల్ వెళ్ళినా, ఇక్కడివాళ్ళు కలకత్తాకి వలసపోయినా జాతీయ క్యాంపులో ఇమిడిపోయింది అందుకే.

మన దగ్గర పెట్టాలనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. ఏడుగురేసి, అరవై మీటర్ల పొడవు, నలభై వెడల్పు, సగానికి పన్నెండు నిమిషాలు. ఒక్కొక్కడికి బంతి మీద రెండు టచ్‌లే, మూడో టచ్‌కి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టకూడనిది). మొదటి రోజు ఇది ఘోరంగా ఉంటుంది. ఆపగానే భయంతో దూరంగా బాదేస్తారు. ఒత్తిడి మొదలయ్యేది సొంత సగంలోనే కాబట్టి అక్కడ మూడు టచ్‌లు, అవతలి సగంలో రెండు ఇవ్వండి, బాదడం తగ్గుతుంది. రిఫరీ ఒక్కడే టచ్‌లు లెక్కపెట్టలేడు, సైడు లైను మీద ఇంకొకణ్ణి పెట్టి చెయ్యెత్తమనండి.

బలహీనమైన కాలి మ్యాచ్‌కి బలమైన కాలికి రంగు రిబ్బను కట్టండి. ఆ కాలితో తగిలితే ఫౌల్. నిలబడ్డానికి వాడుకోవచ్చు. ఇది పది నిమిషాలకి మించి ఆడించొద్దు మొదటి నెల. అలవాటు లేని కాలితో దూరం కొట్టాలని నడుం తిప్పేసి గజ్జల్లో కండరం పట్టించుకుంటారు. పదిహేను గజాలు దాటి కొడితే ఫౌల్ అని ముందే చెప్పేస్తే ఆ బెడద లేదు.

ఎడమకాలు, భీమవరం:

ఆయ్, నా పేరున్నవాళ్ళకి మాత్రం కుడికాలి టోర్నీ పెట్టాలి మరి.

లంకబంతి, రావులపాలెం:

వన్ టచ్, టూ టచ్ అంటున్నారు సరే, ఏ నేల మీద? ఇది ఎవరూ మాట్లాడట్లేదు. డెల్టాలో కాలేజీ గ్రౌండ్లు చాలావరకు నల్ల ఒండ్రు. సార్వా వానల నుంచి అక్టోబర్, నవంబర్ తుఫాన్ల దాకా చీలమండ లోతు బురద. ఏప్రిల్ వచ్చేసరికి రెండు వేళ్ళు దూరే నెర్రెలు. బురదలో మీ పదిహేను గజాల పాస్ పన్నెండు గజాల్లో ఆగిపోతుంది, నెర్రెల మీద బంతి మోకాలికి లేస్తుంది. టెక్నిక్ లేదని కుర్రాణ్ణి తిడతారు. లంకల్లో ఇసక నేల మీద ఆడే పిల్లల్ని చూడండి, ఆపడం ఎంత శుభ్రంగా ఉంటుందో. ఇక్కడ బాదుడు ఆటే తెలివైన ఆట.

స్టాపర్_నం5, కాకినాడ:

బాదుడు ఆటకి జిల్లా దాటితే విలువుండదు. నేలని కొంచెం సరిచెయ్యొచ్చు. అందరూ చేసే పని ఇసక తోలించడం. నల్లమట్టిలో నాలుగు ట్రాక్టర్ల ఇసక పోసి దున్నేస్తే ఎండాక ఇటికలా బిగుస్తుంది, అంతకుముందు కంటే అన్యాయం. ఇసక పని చెయ్యాలంటే పైన పొరలాగా పరచాలి. వంద మీటర్ల పొడవు, అరవై నాలుగు వెడల్పుకి ఐదు సెంటీమీటర్ల మందం వెయ్యాలంటే 320 ఘనపు మీటర్లు. ట్రాక్టర్‌కి మూడు చొప్పున చూసినా వంద దాటుతాయి. డబ్బున్న కాలేజీ చెయ్యొచ్చు.

డబ్బు లేకపోతే వాలు చూడండి. గ్రౌండు పొడవునా నడిమధ్య నుంచి రెండు పక్కల గీతల దాకా మీటరుకి ఒక సెంటీమీటర్ దిగితే, అంటే మధ్యలో ముప్పై సెంటీమీటర్లు మెరక ఉంటే, నీళ్ళు నిలవవు. చుట్టూ జానెడు లోతు బోదె తవ్వి కాలవలో కలపాలి. మధ్యలో పిచికారీ నీళ్ళు రెండ్రోజులకోసారి పడితే నెర్రెలు రావు, గడ్డి బతుకుతుంది. గోలు ముందు ఆరు గజాలు మాత్రం ఎవరూ కాపాడలేరు, ప్రాక్టీసప్పుడు గోలు పోస్టుల్ని పక్కకి జరిపి ఆడించండి.

బంతి గాలి కూడా చూసుకోవాలి. నిబంధన 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఒప్పుకుంటుంది. గట్టి నేల మీద కింది అంచు దగ్గర, 0.65కి పెట్టండి, లేవడం తగ్గుతుంది. మనవాళ్ళు పంపు గట్టిగా కొట్టి రాయిలా చేస్తారు. బూట్లకొస్తే, ఎండిన నేల మీద పొడుగు గుబ్బల బూట్లు మడమ మెలిపెడతాయి. చిన్న గుబ్బల టర్ఫ్ షూలే మేలు. బురదలో మాత్రం చిన్న గుబ్బల మధ్య మట్టి నిండి నున్నగా అయిపోతుంది, అప్పుడు పొడుగు గుబ్బలు కావాలి. ఒక్క జతే కొనగలిగిన కుర్రాడు టర్ఫ్ షూ కొనుక్కోవాలి, ఏడాదిలో పొడి రోజులే ఎక్కువ.

లంకబంతి, రావులపాలెం:

టర్ఫ్ షూకి ఒప్పుకుంటా. సెలక్షన్లు అక్టోబర్లో పెట్టడం మానేసి జనవరికి జరపమని కూడా అడగండి మరి. బురదలో జరిగే ట్రయల్‌లో ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే నెగ్గుతాడు, బంతి తెలిసినవాడు కాదు.

లాకుసెంటర్, ధవళేశ్వరం:

మళ్ళీ రహీం దగ్గరికి. "ముక్కల లెక్క" ఆయన చేశాడా అంటే, జకార్తాలో వెనక ముక్క ఒకే క్లబ్బు కాదు. తంగరాజ్‌కి జ్వరం, అంతకుముందు మ్యాచ్‌ల్లో ప్రద్యుత్ బర్మన్ గోల్ కాశాడు. ఫైనల్‌కి తంగరాజ్‌నే దింపాడు. స్టాపర్ని ముందుకి పంపాడు. మీ సిద్ధాంతం ప్రకారం అది కుప్పకూలాలి. కొరియా గోల్ ఒక్కటే, అదీ 85వ నిమిషంలో.

పాతస్కోర్‌బుక్, రాజమండ్రి:

తంగరాజ్, ఘోష్, చంద్రశేఖర్ రోమ్ నుంచీ కలిసే ఉన్నారని పైన చెప్పాను గదా. క్లబ్బు కాకపోయినా పాత ముక్కే. 85వ నిమిషం సంగతి వేరు. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే. తొంభై ఆడే అలవాటు లేక చివర్లో కాళ్ళు రాని జబ్బు మన జట్లకి ఎప్పుడూ ఉండేది.

యానాం_రైట్అవుట్:

2-0 మీద ఉన్న జట్టు చివరి ఐదు నిమిషాల్లో గోల్ ఇస్తే అలసట అనే చెప్పాలా? కొరియా వాళ్ళు అందరూ మీదికొచ్చేస్తారు ఆ టైములో. తొంభై అలవాటున్న జట్లకీ పడతాయి అలాంటివి. 4-2-4లో (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) అసలు సమస్య మధ్యలో ఇద్దరే ఉండడం. అరవై ఎనిమిది మీటర్ల వెడల్పుకి మనిషికి ముప్పై నాలుగు. రెక్క మీదున్నవాడు దిగొచ్చి సాయం చెయ్యకపోతే ఎంత ఒంట్లో సత్తువున్నా చాలదు. బ్రెజిల్‌కి జగాలో ఆ పని చేశాడు. మన కుర్రాళ్ళతో 4-2-4 ఆడించాలనుకునేవాళ్ళు ముందు లెఫ్ట్ అవుట్‌ని కిందికి పరిగెత్తించడం నేర్పండి, లేకపోతే 4-3-3తోనే సరిపెట్టుకోండి.

లాకుసెంటర్, ధవళేశ్వరం:

ఇంకో సాక్ష్యం ఉంది ఇటువైపు. రహీం 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. 1964లో ఇజ్రాయెల్‌లో ఆసియా కప్పు, కోచ్ హ్యారీ రైట్. అదే కొరియాని 2-0 కొట్టి రెండో స్థానంలో నిలిచాం. మనిషి పోయినా ముక్కలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. 1970 బ్యాంకాక్ కాంస్యం జట్టు కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆ తర్వాతే కరువు. హైదరాబాద్ కుర్రాళ్ళు డబ్బు కోసం కలకత్తా వెళ్ళారు, తప్పులేదు, కానీ ఇక్కడ నేర్పే టోర్నీలు ఆగిపోయాయి.

మెరకచేను, అమలాపురం:

సరేనండీ, ఈ నెలాఖరుకి సెలక్టర్లకి పంపే కాగితంలో మూడు విషయాలే రాస్తున్నా. ట్రయల్ మొదటి పూట వెనక నలుగురు క్లబ్బుగానే రావాలి. ఫారంలో రెండో స్థానం గడి ఉండాలి. ట్రయల్ మొదటి ఇరవై నిమిషాలు రెండు టచ్‌లే. ఎవరికైనా అభ్యంతరమా?

ఎడమకాలు, భీమవరం:

మొదటిదానికి ఉంది. "గరిష్ఠంగా ఒక క్లబ్బు నుంచి ఐదుగురు" అని పక్కనే రాయండి. లేకపోతే నలుగురి పేరుతో ఎనిమిది మంది దిగుతారు.

స్టాపర్_నం5, కాకినాడ:

ఆరుగురు చెయ్యండి. బెంచీ మీద రెండో గోలీ కూడా అదే క్లబ్బువాడు కావాలి.

ఎడమకాలు, భీమవరం:

రెండో గోలీ ఎందుకు? వాడు ఏ ఊరివాడైనా పది రోజులూ ఆ స్టాపర్లతోనే ప్రాక్టీసు చేస్తాడు గదా. ఐదే.